‘ఏం లేదు’ అని రాయొద్దు

ఆమె పోయాక జ్ఞాపకార్థ కూడిక పెట్టిన రోజు ఆళ్లగడ్డలో ఆమె వంటింట్లో కాఫీ పెట్టడానికి ఎవరినీ ఏదీ అడగాల్సిన పని రాలేదు. ఒంటరి మనిషి ఇల్లు అది. వచ్చిన బంధువుల్లో చాలామంది ఆ వంటింట్లో అంతకుముందు కాలు పెట్టినవాళ్ళు కాదు. అయినా ప్రతి డబ్బా మీదా ఒక తెల్లకాగితం, దాని మీద నల్ల స్కెచ్‌పెన్ను రాత. ‘చక్కెర. చీమలున్నాయి, చూసి తీయండి.’ ‘కారం. మూత గట్టి. మొహం దూరం పెట్టి తీయండి.’ ‘కాఫీపొడి. చికోరీ కలిసింది, నాకు తెలుసు.’ పాములపాడు నుంచి వచ్చిన ఆమె చెల్లెలు పై అరలో ఒక డబ్బా అందుకుని, చదివి, నవ్వడం మొదలుపెట్టింది. కాసేపు ఏడ్చింది. మళ్ళీ నవ్వింది. దాని మీద ‘ఖాళీ. ఊరికే తెరవొద్దు’ అని ఉంది.

నేను ఆమె దగ్గర పని చేసిన అమ్మాయిని. ఆమె పేరు ఇక్కడ రాయను. రాయను అని చెప్పి మానేస్తే ఆమె ఒప్పుకుంటుంది. ఎందుకు ఒప్పుకుంటుందో ముందు ముందు తెలుస్తుంది.

బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు నెట్‌వర్కుల భద్రత పని చేసి, యాభై దాటాక సొంతూరు ఆళ్లగడ్డకు వచ్చేసింది. ముందుగదిలో రెండు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, గోడకు వాళ్ళ నాయన ఫోటో. నంద్యాలలో డిగ్రీ అయ్యాక మా లెక్చరర్ చెబితే వెళ్ళాను. మొదటిరోజు ‘మేడం’ అన్నాను. వెనక్కి తిరిగి చూసింది.

“మేడం ఎవరూ రాలేదే.”

“ఆంటీ...”

“ఆంటీ అంటే నాకు మోకాళ్ళు నొప్పి పుడతాయి. అక్కా అను.”

తర్వాత నా చేతిలోని పుస్తకం మీద ఆమె చూపు పడింది. బస్సులో చదువుకోవడానికి తెచ్చుకున్న నవల. నేను చదివేదేమిటో ఎవరూ చూడకూడదని ప్రతి పుస్తకానికీ దినపత్రిక కాగితంతో అట్ట వేసుకోవడం నాకు అలవాటు.

“పేపర్ చుట్టినావే, లోపల ఏముంది?”

“ఏం లేదక్కా.”

“ఏం లేని బుక్కు ఇంత మందమా?”

పుస్తకాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె నవ్వలేదు. “చూడు పాపా, నాకు చూపించొద్దు. నువ్వేం చదువుతాండావో నాకెందుకు. చెప్పనక్కా అను. చెప్పనంటే అది నీ ఇష్టం. ఏం లేదంటే అది అబద్ధం. రెండూ ఒకటి కాదు.” ఆ మాట ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. అర్థమై కాదు, బాగుందని.

ఆమెది ఒకటే పట్టు. ఏ వస్తువైనా, ఏ మనిషైనా ముందు తానేందో చెప్పాలి, ఆ తర్వాతే తలుపు తెరవాలి. ఫోన్ చేసినవాళ్ళు మన వైపు మొదట అడిగేది ‘ఎవరూ మాట్లాడేది?’ అనే కదా. ఆమె దగ్గర అది ఎప్పుడూ సాగలేదు.

“ఫోన్ చేసింది నువ్వు. నన్నడుగుతావేందప్పా, నువ్వెవరో చెప్పు.”

“అదేనక్కా, గోడౌన్ నుంచి.”

“గోడౌన్ మాట్లాడదు కదప్పా. నీ పేరేంది?”

అవతలివాడు నసుగుతూ పేరు చెప్పగానే గొంతు మెత్తబడిపోయేది. “ఆ, చెప్పు నాయనా. అన్నం తిన్నావా?”

క్రిస్మస్‌కు పక్కింటివాళ్ళు పళ్ళెం మీద గుడ్డ కప్పి తెచ్చినా గడపలోనే అడిగేది: “ఏందిది? యాలకులు వేసినారా?” తనకు యాలకులు పడవు. తన ఇంట్లోకి తాను పోయేటప్పుడు కూడా తాళం తీసి, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి “నేనే” అని చెప్పి లోపలికి వెళ్ళేది. లోపల ఎవరూ ఉండరు.

“ఎవరికి చెప్తాండావక్కా?” అని ఒకరోజు అడిగాను.

“బల్లికి. నేనొస్తాండానని తెలిస్తే అది పక్కకు పోతాది. దానికి నేనంటే భయం, నాకు అదంటే భయం. ఇద్దరికీ మర్యాద.”

ఆమె భయాలను దాచుకునేది కాదు. ఒకసారి ఆమె స్నేహితురాళ్ళు బెంగుళూరు నుంచి వస్తే అందరం బెలుం గుహలకు పోయాం. లోపలికి దిగే మెట్ల దగ్గర ఆగిపోయింది. గైడు “ఏం భయం లేదక్కా, రాండి” అన్నాడు. “నీకు లేదు. నాకుంది” అని బయటి దుకాణం బెంచీ మీద కూర్చుని, మేం వచ్చేదాకా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉంది. వచ్చాక లోపలి సంగతులన్నీ గుచ్చిగుచ్చి అడిగింది. రాయి ఎట్లుంది, చల్లగుందా, గాలి ఆడుతాందా అని. అన్నీ విని, “మంచిపని చేసినా” అంది తనతో తాను.

ఇక మా పని. నంద్యాల చుట్టూ విత్తనాల గోడౌన్లు చాలా ఉన్నాయి. విత్తనానికి తేమ తగిలితే మొలక చెడుతుంది. గోడౌన్లో ఎంత తేమ ఉందో కనిపెట్టి, ఆ లెక్కను విత్తనాల కంపెనీ సర్వర్‌కు పంపే చిన్న పెట్టెలు ఆమె తయారుచేసింది. అగ్గిపెట్టెకు అన్న అంత ఉంటాయి. పెట్టె పంపే లెక్కను సర్వర్ నమ్మాలంటే ఆ పెట్టెకు ఒక గుర్తింపు ఉండాలి. దాన్నే డిజిటల్ సర్టిఫికెట్ అంటారు. అది కావాలని పెట్టె ముందుగా ఒక అర్జీ పెట్టుకుంటుంది. ‘నా పేరు ఇది, నా తాళంలో పైకి చూపగలిగిన సగం ఇది, నన్ను గుర్తించండి’ అని. తాళంలో రెండో సగం రహస్యం. దాన్ని పెట్టె ఎవరికీ ఇవ్వదు. కానీ ఆ రహస్యంతోనే అర్జీ కింద సంతకం పెడుతుంది. రహస్యాన్ని చూపించకుండా, అది తన దగ్గర ఉందని మాత్రం రుజువు చేస్తుంది. ఈ సంగతి ఆమె మొదటిసారి వివరించినప్పుడు నాకు పుస్తకాల అట్టలు గుర్తొచ్చాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇంటర్నెట్‌లో ఏ ఫైలు ప్రయాణం చేసినా తాను ఏ రకమో పైన చెప్పుకోవాలి. నేను బొమ్మను, నేను పాటను, నేను ఉత్తరాన్ని అని. ఆ రకాల పేర్లన్నీ ప్రపంచానికంతా కలిపి ఒకే పట్టికలో ఉంటాయి. పెద్ద కంప్యూటర్లు పంపే సర్టిఫికెట్ అర్జీకి ఎప్పటినుంచో ఒక పేరుంది. మా పెట్టెలు చిన్నవి కాబట్టి వాటి అర్జీని ఆమె పొట్టిగా, వేరే తీరులో కట్టింది. దానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని కంపెనీ సర్వర్ గడప దాటనివ్వలేదు. వానలు మొదలైతే తేమ మొదలవుతుంది. పెట్టెలేమో మా బల్ల మీద వరుసగా కూర్చుని ఉన్నాయి.

కొత్త పేరు కావాలంటే ఎవరైనా అడగొచ్చు. ఆ రకం ఏమిటి, ఎవరు వాడతారు, దానివల్ల వచ్చే ప్రమాదాలేమిటి అని వరుసగా రాసి పంపాలి. ఆ పని తెలిసినవాళ్ళు దాన్ని చదివి నలుగురూ చూసేచోట ప్రశ్నలు వేస్తారు. ఆమె నన్ను రాయమంది. రాశాను. చివర సంప్రదించాల్సిన మనిషి అన్నచోట ఆమె పేరు పెట్టాను. చదివి, ఆ పేరు కొట్టేసి నాది టైపు చేసింది.

“నాకు ఇంగ్లీషులో జవాబు చెప్పడం రాదక్కా.”

“నాక్కూడా భయమే. ఇరవై ఏండ్లు భయపడుకుంటానే రాసినా. రాసింది నువ్వు, అడిగితే నువ్వే చెప్పాల.”

భద్రతకు సంబంధించి గమనించాల్సినవి అన్నచోట నేను ‘ఏమీ లేవు’ అని ఒక్క ముక్క రాశాను. దాన్ని ఆమె చూసింది. చూసి కూడా ఏమీ అనకుండా పంపించేసింది.

ఆ వారంలోనే మా ఇంట్లో గొడవ మొదలైంది. మా నాయన నంద్యాల నుంచి శిరివెళ్లకు ఆటో తోలుతాడు. నేను రోజూ బస్సెక్కి అదే రోడ్డు మీద ఆళ్లగడ్డకు పోయి రావడం ఆయనకు మొదటినుంచీ నచ్చలేదు.

“ఆడ ఏం పని చేస్తాండావ్?”

“ఏం లేదు నాయనా. కంప్యూటర్ పని.”

“కంప్యూటర్ పని అంటే ఏందీ?”

“ఏం లేదు, టైపు చేయడం.”

“టైపు చేయను నంద్యాలలో కంప్యూటర్లు లేవా? ఈ నెలతో చాలు. మానేయి.”

నాకు జీతం మీద కంటే ఆ ముందుగది మీద ప్రాణం. మొదటిసారి నా అంతట నేను ఇష్టపడిన చోటు అది. కానీ నాయనకు ఎదురు చెప్పడం నాకు రాదు. మరునాడు ఆళ్లగడ్డలో కంప్యూటర్ తెరిస్తే ఏ దేశంలోనో కూర్చున్న ఒక పెద్దమనిషి జవాబు వచ్చి ఉంది. అందరూ చదివేచోటే రాశాడు. మర్యాదగానే రాశాడు. ‘ప్రమాదాలు ఏమీ లేవన్నారు. ఏమీ లేనిదంటూ ఉండదు. ఆలోచించి మళ్ళీ రాయండి. అప్పటిదాకా దీన్ని ఆపి ఉంచుతున్నాం.’

నేను అక్క దగ్గరకు పోయి రెండు సంగతులూ చెప్పాను. నాయన మాట చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఆమె చెనిక్కాయల పొడి కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అట్లనే వినింది.

“నీకు రెండు తావుల్లో ఒకటే జబ్బు పాపా” అంది. “ఆ దొరకూ ఏం లేదన్నావ్, మీ నాయనకూ ఏం లేదన్నావ్. ఇద్దరూ నమ్మలేదు. నేనైనా నమ్మను.”

“మరి నువ్వు చూసి కూడా ఎందుకు పంపించినావక్కా?”

“నేను చెప్తే నాకోసం మారుస్తావు. ముక్కూమొహం తెలీనోడు అడిగితే నీకోసం మారుస్తావు.”

ఆదివారం చర్చి అయ్యాక ఆమె బస్సెక్కి నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. నాకు చెప్పనే లేదు. తలుపు తీసే ఉన్నా రెండు దెబ్బలు కొట్టి, గడప బయటే నిలబడింది.

“నేను ఆళ్లగడ్డ నుంచి వచ్చినా. మీ పాప పని చేసేది నా దగ్గరే. కాఫీ తాగను వచ్చినా. పని ఏందో నేను చెప్పను, అది పాపే చెప్తాది.”

మా అమ్మ గాభరాగా “లోపలికి రాక్కా, ఆడ్నే నిలబడినావేంది” అని కుర్చీ తుడిచింది. ఆమె కూర్చుంది. కాఫీ వచ్చింది. ఆమె నిజంగానే ఒక్క మాట మాట్లాడలేదు. గ్లాసు పట్టుకుని మా క్యాలెండర్ చదువుకుంటూ ఉంది. నాయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఇంక తప్పేట్టు లేదు.

“గోడౌన్లలో పెట్టే పెట్టెలు నాయనా. అవి సర్టిఫికెట్ కోసం అర్జీ పెట్టుకుంటాయి. నువ్వు బండి పర్మిట్‌కు పెట్టుకున్నట్టు.”

“పెట్టెకు సంతకం వస్తాదా?”

“వస్తాది. ఆ అర్జీ ఏందో పైన పేరుండాల. బోర్డు లేని బస్సును ఎవరూ ఎక్కరు కదా, అట్ల. ఆ బోర్డు మీద ఏం రాయాలో పట్టికలో ఎక్కించే పని నేను చేస్తాండా.”

“నువ్వా?”

“నేనే.”

నాయన కాసేపు మీసం సవరించుకున్నాడు. “బోర్డు నంద్యాల అని ఉండి, బండి బనగానపల్లెకు పోతే?”

“ఎక్కినోళ్ళు కండక్టర్‌ను అడిగి చూసుకోవాల. బోర్డును ఒకటే నమ్మకూడదు.”

అక్క కాఫీ గుటక వేసింది, అంతే. ఇక నాయన అసలు సంగతికి వచ్చాడు.

“అదంతా సరే. ఆ రోడ్డు మీద బండి తోలేటోన్ని నేను. మావోళ్ళు ఎట్ల తోలుతారో నాకు తెలీదా. రోజూ పోయి వస్తాండావే, నీకు భయమేం లేదా?”

నా నోట్లోకి అలవాటుగా రెండు మాటలు వచ్చేశాయి. ఆమె వైపు చూశాను. ఆమె క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో చూసుకుంటూ ఉంది.

“ఉంది నాయనా” అన్నాను. “సాయంత్రం బస్సు తప్పిపోతే భయం. ఆటోలో ఆడోళ్ళు లేకపోతే ఎక్కను. అక్క ఇంట్లోనే ఉండి నీకు ఫోన్ చేద్దామనుకున్నా. బస్టాండు నుంచి ఆ వీధి దాకా కుక్కలుంటాయి. బిస్కెట్లు పెట్టుకుని పోతా. ఒకసారి ఒకడు బైకు మీద వెనకాలే వచ్చినాడు.”

నాయన కుర్చీలోంచి సగం లేచాడు. “ఎవుడు వాడు?”

“అక్కకు చెప్పినా. మరునాడు తను బస్టాండులో నిలబడింది. వాడు రాగానే బైకుకు అడ్డం నిలబడి, నీ పేరేంది, యా ఊరు, ఏం పని మీద వచ్చినావ్ అని అడిగింది. వాడు చెప్పలేకపోయినాడు. మళ్ళీ కనపడలేదు.”

“ఇదంతా నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మానేయమంటావని. అది కూడా ఒక భయమే నాయనా. ఇంకోటి, నాకు పని రాదని అక్కకు తెలిసిపోతాదేమోనని.”

“అది నాకు మొదటిరోజే తెలుసు” అంది ఆమె క్యాలెండర్ మీద నుంచి చూపు తిప్పకుండా. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. “ఇన్ని భయాలు పెట్టుకుని ఎట్ల పోతాండావే?” అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం లేదు.

“ఒక్కో భయానికి ఒక్కో ఉపాయం అనుకుని పెట్టుకున్నా.”

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. బండి బాడుగకు పోవాలన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “రేపు గొడుగు తీస్కపో. మబ్బులు పడుతాండాయి” అన్నాడు. మా ఇంట్లో సరే అనడం అట్లనే ఉంటుంది.

ఆయన ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగాక ఆమె ఖాళీ గ్లాసు కింద పెట్టింది.

“మీ నాయనకు ఇప్పుడు చెప్పినావే. అట్ల రాయి.”

అట్లనే రాశాను. ఈ అర్జీలో తనంత తాను నడిచే ప్రోగ్రాము ఏదీ ఉండదు. కానీ దారిలో ఎవరైనా మార్చే ప్రమాదం ఉంది, అందుకని సంతకం సరిచూసుకోవాలి. పైన ఉన్న పేరును బట్టి లోపల అదే ఉందని నమ్మకూడదు, తెరిచేవాళ్ళు పరీక్షించుకోవాలి. పెట్టె పేరులో గోడౌన్ చిరునామా పెడితే అది ఎవరిదో బయటపడుతుంది, కాబట్టి పెట్టకూడదు. రహస్యమైన తాళం ఇందులో ఉండదు, ఎప్పటికీ ఉండకూడదు. ఒక్క ముక్క ఉన్నచోట అరపేజీ అయింది. నా ఇంగ్లీషుకు నేనే భయపడుతూ పంపించాను. కొన్ని రోజులకు ఆ పెద్దమనిషి నుంచి జవాబు వచ్చింది. ‘ఇప్పుడు నమ్మకంగా ఉంది. ధన్యవాదాలు.’ పేరు పట్టికలోకి ఎక్కింది. దాని పక్కన సంప్రదించాల్సిన మనిషిగా నా పేరు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. “పేపర్లో పడిందా?” అంది.

“లేదమ్మా, పట్టికలో.”

“మరి ఎవరు చూస్తారు?”

“బోర్డు చూసి బస్సెక్కేటోళ్ళు” అన్నాడు నాయన అన్నం కలుపుకుంటూ, అంతా తెలిసినవాడిలా.

తొలివానకు ముందే పెట్టెలు గోడౌన్లకు చేరాయి. ఒక్కొక్కటీ తన అర్జీ పంపి, సర్టిఫికెట్ తెచ్చుకుని, తేమ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద మొదటి పెట్టె పేరు కనపడగానే అక్క కంప్యూటర్‌తో “ఆ, చెప్పు నాయనా. అన్నం తిన్నావా?” అంది.

ఆ తర్వాత కూడా ఆమెతో చాలారోజులు పని చేశాను. పోయిన నెల, జ్వరమని పడుకుని, చెల్లెలికి ఫోన్ చేసి, నిద్రలోనే వెళ్ళిపోయింది. చెల్లెలితో చివరగా అన్నది “నాకు కొంచెం భయంగా ఉంది, నువ్వు రా” అని.

కూడికలో పాస్టరుగారు బాగా మాట్లాడారు. ఆమె ప్రార్థన, చదువు, బెంగుళూరు వదిలి రావడం అన్నీ చెప్పారు. చెప్పి, “ఆమె భయమనేది ఎరగని మనిషి. ఆమెకు ఏ భయమూ లేదు” అన్నారు. షామియానా కింద అందరూ తలలు ఊపారు. నా పక్కన మా నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన నా వైపు వంగి, “లేకపోవడమేంది?” అన్నాడు మెల్లగా.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఆలోచించే లోపలే అందరూ నా వైపు తిరిగారు.

“నేను నంద్యాల నుంచి వచ్చినా. అక్క దగ్గర పని చేస్తా. నాకు పది మందిలో మాట్లాడాలంటే భయం. అయ్యగారు అక్కకు భయాలు లేవన్నారు. ఉన్నాయండీ. బల్లి అంటే భయం. లిఫ్టు అంటే భయం. బెలుం గుహలంటే భయం, బయటే కూర్చుని శనక్కాయలు తినింది. ఇంగ్లీషులో రాయాలంటే నాలాగే భయం. అన్నీ చెప్పుకుంటానే అన్ని పనులూ చేసింది. లేవు అని చెప్తే ఆమె ఒప్పుకోదు.”

పాస్టరుగారు నవ్వేశారు. “దిద్దుకుంటాను తల్లీ” అన్నారు.

వెనక వరుసలోంచి ఆమె చెల్లెలు, “ఉరుములు మరిచిపోయినావు పాపా. ఉరిమితే మంచం కింద దూరేది” అంది. ఇంకెవరో “సూది” అన్నారు. పక్కింటామె “యాలకులు” అంది. అది భయం కాదని ఒకరు, భయమేనని ఒకరు వాదించుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఏడవలేదు, చాలాసేపు ఆమె భయాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చున్నారు.

పొద్దు వాలాక అందరూ షామియానా కింద నుంచి కదిలారు. నాయన బస్సుకు టైమవుతోందన్నాడు. నా సంచి ముందుగదిలో ఉండిపోయింది. లోపల ఎవరూ లేరు, లైటు వేయలేదు. గడప దగ్గర ఆగి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాను.

“నేనే” అన్నాను. “సంచి తీస్కపోను వచ్చినా.”

అక్క వాళ్ళ నాయన ఫోటో వెనక ఏదో సరసరమని పక్కకు తప్పుకుంది. అప్పుడు లోపలికి వెళ్ళాను.